మనసులోని మాటకూ చుట్టరికాలకూ ఇంగ్లీషు: పద్ధతిగా నేర్చుకునేవారికి సమగ్ర మార్గదర్శి

భీమవరంలో రొయ్యల ఎగుమతి కార్యాలయంలో పనిచేసే యువకుడు, అమలాపురం నుంచి కువైట్ వెళ్లడానికి సిద్ధమవుతున్న నర్సు, పాలకొల్లులో కూర్చొని డల్లాస్‌లోని మనవరాలితో వీడియోలో మాట్లాడే మామ్మగారు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "పని గురించి ఇంగ్లీషులో ఎలాగో నెట్టుకొస్తున్నామండీ, మనసులో మాట చెప్పాల్సి వచ్చేసరికి హ్యాపీ, శాడ్, యాంగ్రీ దగ్గరే ఆగిపోతున్నాం, ఏం చేయాలి?"

చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చదివి అర్థం చేసుకోగలిగినవారు ఈ పద్ధతిని ఇంట్లో సొంతంగా పాటించవచ్చు. రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు కేటాయించగలిగితే సరిపోతుంది. మాటను విడిగా కాకుండా, ఎవరికి, ఎవరి మీద, ఎంత అన్న వివరంతో సహా పూర్తి వాక్యంగా నేర్చుకోవాలన్నదే దీనికంతటికీ ఆధారం.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

- 200 పేజీల పొడుగు నోటు పుస్తకం ఒకటి. ఎడమ పేజీ తెలుగుకు, కుడి పేజీ ఇంగ్లీషుకు.
- ఫోనులో ఒక లెర్నర్స్ డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, లాంగ్‌మన్ సంస్థల లెర్నర్స్ నిఘంటువులు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో అర్థం తేలికైన ఇంగ్లీషులో ఉంటుంది, ఉదాహరణ వాక్యాలూ ఉచ్చారణా ఉంటాయి.
- ఫోనులోనే ఉండే వాయిస్ రికార్డర్.
- వారానికి ఒకసారైనా మీతో మాట్లాడే తోడు ఒకరు. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలైనా పరవాలేదు.

తెలుగు మాట నుంచి ఇంగ్లీషుకు వెళ్లడానికి ఆంధ్రభారతి నిఘంటువుల సైటు బాగా ఉపయోగపడుతుంది. అయితే అందులో కనిపించే బ్రౌన్ నిఘంటువు 19వ శతాబ్దానిది. తెలుగు మాట లోతు తెలుసుకోవడానికి అది గొప్ప సాయమే గాని, అందులోని ఇంగ్లీషును ఈనాటి సంభాషణలో ఉన్నదున్నట్టు వాడకూడదు. అక్కడ దొరికిన మాటను లెర్నర్స్ డిక్షనరీలో మరోసారి చూసుకున్న తర్వాతే నోటు పుస్తకంలోకి ఎక్కించాలి.

వాట్సాప్‌లో తిరిగే "500 భావోద్వేగ పదాలు" వంటి జాబితాలను ఈ మూడు నెలలూ పక్కన పెట్టండి. వాటిలో మాట ఉంటుంది, అర్థం ఉంటుంది, కానీ ఆ మాటను ఎవరితో ఏ సందర్భంలో అనవచ్చో ఉండదు.

2. మొదటి వారం: మీరు అన్న మాటలే జాబితా

మొదటి వారం ఇంగ్లీషు జోలికి వెళ్లనక్కరలేదు. ఇంట్లో, పనిలో, ఫోనులో మీరు నిజంగా అన్న మాటలను, అన్న తీరులోనే ఎడమ పేజీలో రాయాలి. ఉదాహరణకు ఇలా:

- "వాడు రెండు రోజులుగా ఫోను చేయలేదని దిగులుగా ఉంది."
- "శుభలేఖ ఇవ్వడానికి మనిషి రాలేదని పిన్ని నిష్ఠూరమాడింది."
- "చెరువులో రొయ్య తేలిందని తెలిసేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు."
- "వాళ్లు అంతగా బలవంతం చేస్తే మొహమాటానికి ఇంకో గారె తిన్నాను."

వారం ముగిసేసరికి ఇరవై ఐదు, ముప్పై వాక్యాలు చేరతాయి. ప్రతి వాక్యం కింద నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి: ఎవరికి కలిగింది? ఎవరి మీద, లేదా దేని గురించి? ఎంత తీవ్రంగా? ఎంతసేపు ఉంది? ఇంగ్లీషులో మాటను ఎంచుకోవడం ఈ నాలుగు జవాబులనుబట్టే జరుగుతుంది కాబట్టి ఈ పనిని తొందరపడి వదిలేయకండి.

3. అరలుగా సర్దుకోవడం

సర్దుకోవడానికి మన నాట్యశాస్త్రం చెప్పిన 8 స్థాయీభావాలు, అంటే మనసులో నిలిచి ఉండే భావాలు, చక్కగా సరిపోతాయి: రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. నోటు పుస్తకంలో ఒక్కొక్కదానికి కొన్ని పేజీలు కేటాయించి, మొదటి వారం వాక్యాలను అందులోకి పంచండి. ప్రేమ, అభిమానం, ఆప్యాయత, మమకారం, చనువు అన్నీ మొదటి అరలోకే వస్తాయి. అది అన్నిటికంటే పెద్దదవుతుంది.

అదే శాస్త్రం వచ్చిపోయే భావాలను 33 సంచారీభావాలుగా వేరు చేసింది. నిలిచి ఉండేదానికీ వచ్చిపోయేదానికీ ఉన్న ఈ తేడా ఇంగ్లీషులోనూ అవసరమవుతుంది. "షీ ఈజ్ ఏన్ యాంక్షస్ పర్సన్" అంటే ఆమె స్వభావమే కంగారు. "షీ ఈజ్ ఫీలింగ్ యాంక్షస్ టుడే" అంటే ఇవాళ్టి ఆదుర్దా మాత్రమే. కొత్త కోడలి గురించి మొదటి వాక్యం అంటే ఆమెకు ఒక ముద్ర వేసినట్టవుతుంది. మీ ఉద్దేశం రెండోదే కావచ్చు.

4. రెండో వారం: వాక్యాన్ని నిలబెట్టడం

ఎక్కువమంది పట్టు తప్పేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ నిదానంగా సాగాలి. తెలుగులో భావం మనిషికి వస్తుంది, వేస్తుంది, కలుగుతుంది. మనిషి "నాకు" అంటాడు. ఇంగ్లీషులో ఆ మనిషే కర్త అవుతాడు, భావం అతని స్థితిని చెప్పే విశేషణంగా మారుతుంది. అందుకే "ఐ హావ్ ఫియర్" అనో "యాంగర్ కేమ్ టు మీ" అనో అంటే అర్థమవుతుంది గాని సహజంగా వినిపించదు.

తెలుగు క్రియను చూసి ఇంగ్లీషు క్రియను ఎంచుకోవడం అలవాటు చేసుకోండి:

- నాకు కోపంగా ఉంది: "ఐయామ్ యాంగ్రీ."
- నాకు కోపం వచ్చింది: "ఐ గాట్ యాంగ్రీ."
- నాకు కోపం వస్తోంది: "ఐయామ్ గెటింగ్ యాంగ్రీ."
- వాడు నాకు కోపం తెప్పించాడు: "హీ మేడ్ మీ యాంగ్రీ."
- నాకు కోపం తగ్గింది: "ఐయామ్ నాట్ యాంగ్రీ ఎనీమోర్."

"ఉంది" అంటే "యామ్", "వచ్చింది", "వేసింది" అంటే "గాట్", "తెప్పించింది" అంటే "మేడ్ మీ". ఈ అచ్చులోనే అప్సెట్, స్కేర్డ్, వర్రీడ్, జెలస్, బోర్డ్ వంటి మాటలను పెట్టి రోజుకు ఒక మాట చొప్పున ఐదు వాక్యాలూ పైకి చదువుతూ రాయండి. అన్ని మాటలూ "గాట్"తో కలవవు. "ఐ గాట్ ప్రౌడ్" అనరు, "ఐ ఫెల్ట్ ప్రౌడ్" అంటారు. "ఐ గాట్ హ్యాపీ" కంటే "ఐ వాజ్ సో హ్యాపీ" సహజం. అనుమానం వస్తే "ఫెల్ట్" వాడండి, అది దాదాపు అన్నిటితోనూ కలుస్తుంది. ముఖ్యంగా మనసు నొచ్చుకున్నప్పుడు "ఐ ఫెల్ట్ హర్ట్" అనాలి, ఎందుకంటే "ఐ వాజ్ హర్ట్" అంటే ఒంటికి దెబ్బ తగిలిందని కూడా అనుకోవచ్చు.

దీనితోపాటే నేర్చుకోవలసింది మాట చివర "డ్", "ఇంగ్" తేడా. లోపల కలిగిన భావానికి "డ్", ఆ భావాన్ని కలిగించేదానికి "ఇంగ్" వస్తుంది. "ఐయామ్ బోర్డ్" అంటే నాకు విసుగ్గా ఉంది. "ఐయామ్ బోరింగ్" అంటే నేను విసుగు పుట్టించే మనిషిని. ఉద్యోగ ఇంటర్వ్యూలో "ఐయామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్" అనే పొరపాటు చాలా తరచుగా వినిపిస్తుంది; అది "ఐయామ్ ఇంట్రెస్టెడ్" అని ఉండాలి.

5. మూడో వారం: తీవ్రతను కొలవడం

గోదావరి వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారని డెల్టాలో చిన్నపిల్లలకూ తెలుసు. ప్రతి భావానికీ అలాగే మూడు గీతలు గీసి, ఒక్కొక్క గీత దగ్గర ఒక ఇంగ్లీషు మాట రాసుకోవాలి.

- కోపం: మొదటి గీత "అన్నాయిడ్", రెండోది "యాంగ్రీ", మూడోది "ఫ్యూరియస్".
- భయం: "నెర్వస్", "స్కేర్డ్", "టెర్రిఫైడ్".
- బాధ: "ఎ బిట్ డౌన్", "అప్సెట్", "హార్ట్‌బ్రోకెన్".
- సంతోషం: "ప్లీజ్డ్", "హ్యాపీ", "థ్రిల్డ్".

మొదటి రెండు గీతల మాటల ముందు "ఎ బిట్", "వెరీ" వంటివి చేర్చి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మూడో గీత మాటలకు మాత్రం "వెరీ" అతకదు, అవి ఇప్పటికే అంచు మీద ఉన్నాయి. "వెరీ ఫ్యూరియస్" అనరు. ఇంకా గట్టిగా చెప్పాలంటే "అబ్సల్యూట్లీ ఫ్యూరియస్" అంటారు.

కార్యాలయంలో మాట్లాడేటప్పుడు సాధ్యమైనంతవరకు మొదటి గీత దగ్గరే ఉండటం మంచిదని నా గట్టి అభిప్రాయం. కంటెయినరు ఆలస్యమైందని కొనుగోలుదారుకు రాసే ఉత్తరంలో "వుయ్ ఆర్ యాంగ్రీ" అన్న మాట చేసే నష్టాన్ని సరిదిద్దడం కష్టం. "వుయ్ ఆర్ ఎ లిటిల్ కన్సర్న్డ్" అంటే విషయం చేరుతుంది, సంబంధం నిలుస్తుంది.

6. నాలుగో వారం: ఒక తెలుగు మాటకు ఒక పేజీ

మనం రోజూ వాడే ఒక్కొక్క తెలుగు మాట ఇంగ్లీషులో నాలుగైదు దారులుగా చీలుతుంది. ఆ దారులన్నీ ఒకే పేజీలో కనిపించాలి. "సిగ్గు" అన్న పేజీ ఎలా ఉండాలో చూడండి:

- మా అబ్బాయికి కొత్తవాళ్లంటే సిగ్గు: "మై సన్ ఈజ్ షై విత్ స్ట్రేంజర్స్."
- రేవు మెట్ల మీద అందరి ముందూ జారిపడితే సిగ్గేసింది: "ఐ స్లిప్ట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీవన్ అండ్ ఫెల్ట్ సో ఎంబరాస్డ్."
- అమ్మతో అలా మాట్లాడినందుకు సిగ్గుపడుతున్నాను: "ఐయామ్ అషేమ్డ్ ఆఫ్ ద వే ఐ స్పోక్ టు మై మదర్."
- డబ్బు అడగడానికి సిగ్గుగా ఉంది: "ఐ ఫీల్ ఆక్వర్డ్ ఆస్కింగ్ ఫర్ మనీ."
- పెళ్లికొడుకు పేరు చెప్పమంటే సిగ్గుపడింది: "షీ బ్లష్డ్ వెన్ దే ఆస్క్డ్ హర్ టు సే హిజ్ నేమ్."

స్వభావమైతే "షై", నలుగురిలో ఇబ్బంది అయితే "ఎంబరాస్డ్", చేసిన తప్పుకు లోపల కుమిలితే "అషేమ్డ్", అడగలేని సంకోచమైతే "ఆక్వర్డ్". జారిపడినందుకు "ఐయామ్ అషేమ్డ్" అంటే, వినేవారు ఏదో తప్పు జరిగిందని అనుకుంటారు.

ఇలాగే బాధ, కోపం, భయం, ఇష్టం, జాలి మాటలకు తలా ఒక పేజీ రాయండి. జాలి దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. "ఐ పిటీ యూ" అని ఎదుటివారితో అంటే చిన్నచూపు చూసినట్టు ధ్వనిస్తుంది; "ఐ ఫీల్ ఫర్ యూ" అనడం మేలు.

ఒక్క మాటలో రానివి కొన్ని ఉన్నాయి. వాటికి మాట వెతకడం మాని, జరిగినదాన్ని చెప్పాలి.

"మొహమాటానికి ఒప్పుకున్నాను" అన్నదానికి "ఐ కుడెంట్ బ్రింగ్ మైసెల్ఫ్ టు సే నో" అనవచ్చు. "మొహమాటపడకండి" అని వడ్డిస్తూ అనేదానికి "ప్లీజ్, హెల్ప్ యువర్‌సెల్ఫ్" సరిపోతుంది. వద్దని చెప్పాల్సినవారు "ఇట్స్ లవ్లీ, బట్ ఐ రియల్లీ కాంట్ ఈట్ ఎనీ మోర్" అంటే వడ్డించినవారి మనసు నొచ్చుకోదు.

"అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడు" అంటే "హీ ఈజ్ మిస్సింగ్ హిజ్ మదర్". ఊరి మీద, ఇంటి మీద బెంగైతే "హీ ఈజ్ హోమ్‌సిక్". "పిన్ని నిష్ఠూరమాడింది" అన్నదానికి "మై ఆంట్ ఫెల్ట్ హర్ట్ దట్ వుయ్ డిడెంట్ ఇన్వైట్ హర్ ఇన్ పర్సన్, అండ్ షీ టోల్డ్ అస్ సో" అని రెండు భాగాలుగా చెప్పాలి. అలకకు "సల్కింగ్" ఉంది, కానీ అది ఎక్కువగా పిల్లల గురించి వాడే మాట, పెద్దవాళ్ల ముఖం మీద అనకూడదు.

గోదావరి జిల్లాల వెటకారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అయినవాళ్ల మధ్య ఆప్యాయంగా ఆటపట్టించడాన్ని "టీజింగ్" అంటారు. "సార్కాస్టిక్" అంటే ములుకు ఉన్నట్టు, "మాకింగ్" అంటే అవమానించినట్టు. బావామరదళ్ల పరాచికాల గురించి విదేశీ స్నేహితులకు చెప్పేటప్పుడు మొదటి మాటే వాడండి.

7. మాట వెనక వచ్చే చిన్న మాట

"మీద", "తో", "అంటే" అన్నవాటిని యథాతథంగా దించితే "యాంగ్రీ ఆన్ హిమ్", "మ్యారీడ్ విత్ హర్" వంటి తప్పులు వస్తాయి. మాటను దాని తోకతో సహా రాసుకోవాలి.

- మనిషి మీద కోపం "యాంగ్రీ విత్", విషయం మీద కోపం "యాంగ్రీ అబౌట్".
- "వర్రీడ్ అబౌట్", "ఎక్సైటెడ్ అబౌట్".
- "అఫ్రెయిడ్ ఆఫ్", "ప్రౌడ్ ఆఫ్", "అషేమ్డ్ ఆఫ్", "జెలస్ ఆఫ్", "ఫాండ్ ఆఫ్".
- "మ్యారీడ్ టు", "ఎంగేజ్డ్ టు", "రిలేటెడ్ టు", "క్లోస్ టు", "అటాచ్డ్ టు".
- సాయం చేసిన మనిషికి "గ్రేట్‌ఫుల్ టు", చేసిన సాయానికి "గ్రేట్‌ఫుల్ ఫర్".

బంధాన్ని చెప్పే మాటలు ఎక్కువగా "టు"తో కలుస్తాయని గమనిస్తే నాలుగో వరుస ఇట్టే గుర్తుంటుంది.

8. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలతో జాగ్రత్త

ఇవి మనకు తెలుసన్న నమ్మకంతో వాడతాం కాబట్టి వీటి తప్పులు కొత్త మాటల తప్పులకంటే మొండివి.

"ఆవిడ ఫీలైంది" అని మనం అంటే నొచ్చుకుందని అర్థం. ఇంగ్లీషులో "షీ ఫెల్ట్" అన్నది సగం వాక్యం. ఏమి అనిపించిందో చెప్పాలి. "డోంట్ ఫీల్" అని ఓదార్చడం కూడా అంతే. దానికి బదులు "ప్లీజ్ డోంట్ బీ అప్సెట్" అనాలి.

"టెన్షన్‌గా ఉంది" అన్నదానికి సందర్భాన్నిబట్టి "నెర్వస్", "స్ట్రెస్డ్", "వర్రీడ్" వస్తాయి. పరీక్ష ముందు మొదటిది, పని ఒత్తిడికి రెండోది, ఇంటి విషయానికి మూడోది. "మూడాఫ్" అన్నది ఇంగ్లీషువారు వాడరు, "ఐయామ్ ఇన్ ఎ బ్యాడ్ మూడ్" అంటారు. బయలుదేరేటప్పుడు ఎవరో తుమ్మితే ఆగడాన్ని మనం "సెంటిమెంట్" అంటాం. అక్కడ అది "సూపర్‌స్టిషన్".

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది "రిలేషన్‌షిప్". "ఐ హావ్ ఎ గుడ్ వర్కింగ్ రిలేషన్‌షిప్ విత్ హర్" అంటే మంచి పనిసంబంధం. "ఐయామ్ ఇన్ ఎ రిలేషన్‌షిప్ విత్ హర్" అంటే ప్రేమసంబంధం. "పార్ట్‌నర్" అన్నా విదేశాల్లో జీవిత భాగస్వామి అనే అర్థం చేసుకుంటారు. చెరువులో వాటాదారుడైతే "బిజినెస్ పార్ట్‌నర్" అని పూర్తిగా చెప్పండి. దగ్గరివాళ్లం అని చెప్పే "క్లోస్" చివర "స" ధ్వని ఉంటుంది, "జ" కాదు.

9. చుట్టరికాలు: మన మాటలు ఎక్కువ, వారి మాటలు తక్కువ

"బావ" అంటే అక్క భర్త కావచ్చు, మేనమామ కొడుకో మేనత్త కొడుకో కావచ్చు, "బావగారు" అంటే భర్త అన్నగారూ కావచ్చు. ఇంగ్లీషులో అక్క భర్తా, భర్త అన్నా "బ్రదర్ ఇన్ లా". మేనమామ కొడుకు "కజిన్". వదిన, మరదలు మాటలకూ ఇదే చిక్కు. అందువల్ల చుట్టరికం పేరు కాకుండా దారి చెప్పడం నేర్చుకోవాలి: మా అక్క భర్త, "మై ఓల్డర్ సిస్టర్స్ హస్బెండ్", మా నాన్నగారి అక్క కొడుకు, "మై ఫాదర్స్ సిస్టర్స్ సన్".

సాధన కోసం ఇంట్లో జరిగిన ఒక పెళ్లి ఆల్బం తీసుకోండి. ఒక్కొక్క ఫోటో మీద వేలు పెట్టి, అందులో ఉన్నవారు మీకు ఏమవుతారో దారి చెబుతూ, వారి గురించి ఒక భావవాక్యం చేర్చండి. "దిస్ ఈజ్ మై మదర్స్ యంగర్ బ్రదర్. ఐయామ్ వెరీ క్లోస్ టు హిమ్." ఒక ఆల్బం పూర్తయ్యేసరికి చుట్టరికాల మాటలు దాదాపు అన్నీ నోటికి వస్తాయి.

గుర్తుంచుకోవలసినవి:

- పెదనాన్న, బాబాయి, మేనమామ, పిన్ని భర్త అందరూ "అంకుల్". వేరు చెప్పాలంటే "ఆన్ మై మదర్స్ సైడ్", "ఆన్ మై ఫాదర్స్ సైడ్" అని చేర్చాలి. మామ్మకూ అమ్మమ్మకూ అదే పద్ధతి.
- "కజిన్ బ్రదర్", "కజిన్ సిస్టర్" మన దేశంలో చెల్లుతాయి. బయట "కజిన్" ఒక్కటే.
- తోడికోడలిని "కో సిస్టర్", తోడల్లుడిని "కో బ్రదర్" అంటే బయటివారికి అర్థం కాదు. "మై హస్బెండ్స్ బ్రదర్స్ వైఫ్", "మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్" అనండి.
- వియ్యంకుడికి, వియ్యపురాలికి వాడుకలో మాట లేదు. "మై డాటర్స్ ఇన్ లాస్" అంటే ఇద్దరూ వస్తారు.
- మేనకోడలు "నీస్", మేనల్లుడు "నెఫ్యూ". అన్నదమ్ముల పిల్లలకూ ఇవే మాటలు.

దరఖాస్తుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. "స్పౌస్" అంటే భార్య లేదా భర్త, "సిబ్లింగ్" అంటే తోబుట్టువు మాత్రమే, "డిపెండెంట్" అంటే మీ సంపాదన మీద ఆధారపడినవారు, "నెక్స్ట్ ఆఫ్ కిన్" అంటే అత్యవసరంలో కబురు పెట్టవలసిన దగ్గరి బంధువు. పెదనాన్న కొడుకును మనం అన్నయ్య అని పిలిచినా, ఫారంలో "బ్రదర్" అని రాయకూడదు. మేనరికం చేసుకున్న దంపతులను ఆసుపత్రి కాగితాల్లో "కన్‌సాంగ్వినియస్ మ్యారేజ్" అని అడుగుతారు. భార్యాభర్తలకు రక్తసంబంధం ఉందా అన్నదే ఆ ప్రశ్న, దానికి దాచకుండా జవాబు రాయాలి.

10. మనస్పర్థలు, రాజీలు, పరామర్శలు

బంధాల్లో జరిగే కదలికలను ఇంగ్లీషువారు ఎక్కువగా జంట క్రియలతో చెబుతారు. కలిసిమెలిసి ఉండటం "గెట్ ఎలాంగ్ విత్", మాటలు లేకుండా పోవడం "ఫాల్ అవుట్ విత్", రాజీపడటం "మేక్ అప్ విత్", ఓర్చుకోవడం "పుట్ అప్ విత్", గౌరవంతో ఆదర్శంగా చూడటం "లుక్ అప్ టు", కనిపెట్టుకొని ఉండటం "లుక్ ఆఫ్టర్". ఈ ఆరూ వస్తే ఇంటి సంగతులు చాలావరకు చెప్పగలరు.

నొచ్చుకున్న సంగతి చెప్పడానికి "ఐ ఫెల్ట్", "వెన్", "బికాజ్" అనే మూడు మెట్లు చాలు. "ఐ ఫెల్ట్ ఎ బిట్ హర్ట్ వెన్ యూ డిడెంట్ కాల్, బికాజ్ ఐ వాజ్ వర్రీడ్ అబౌట్ యూ." ఇదే సంగతిని "యూ హర్ట్ మీ" అని మొదలుపెడితే ఎదుటివారు సంజాయిషీలోకి దిగుతారు.

మనం "ఆయ్", "అండీ" అన్న రెండు మాటల్లో చూపే మర్యాద ఇంగ్లీషులో అడిగే తీరులో ఉంటుంది. ప్రతి వాక్యానికీ "సర్" తగిలించడం కంటే "కుడ్ యూ", "వుడ్ యూ మైండ్" అని మొదలుపెట్టడం మర్యాదగా వినిపిస్తుంది.

ఓదార్పు ఎలా ఉండాలో ఒక సంభాషణలో చూడండి. మనవరాలు బడి నుంచి వచ్చి, "ఐయామ్ అప్సెట్, మామ్మా. మై బెస్ట్ ఫ్రెండ్ డిడెంట్ సిట్ విత్ మీ" అంది. మామ్మగారు "ఓహ్, దట్ మస్ట్ హావ్ హర్ట్. వాట్ హ్యాపెన్డ్?" అన్నారు. సలహా లేదు, సముదాయింపు లేదు. కలిగిన బాధను ఒప్పుకొని, ఏం జరిగిందని అడిగారు, అంతే. ఆ పిల్ల మిగతా కథంతా చెబుతుంది. "దట్ మస్ట్ హావ్ హర్ట్", "ఐ కెన్ సీ వై యూ ఆర్ అప్సెట్" అనే ఈ రెండు వాక్యాలను కంఠస్థం చేయండి.

ఎవరైనా పోయినప్పుడు "ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అనాలి. ఇక్కడ "సారీ" క్షమాపణ కాదు, సంతాపం. "హిజ్ ఫాదర్ ఎక్స్‌పైర్డ్" అనకండి. బయటివారికి అది మందుసీసాకూ లైసెన్సుకూ వాడే మాటగా వినిపిస్తుంది. "పాస్డ్ అవే" అనండి. భర్త పోయిన ఆవిడ గురించి "విడో" అనడం కంటే "షీ లాస్ట్ హర్ హస్బెండ్" అనడం మృదువుగా ఉంటుంది.

11. రెండో నెల నుంచి: సాధన క్రమం

కొత్త వాక్యాన్ని రాసిన మరుసటి రోజు, మూడో రోజు, వారం తర్వాత, నెల తర్వాత కుడి పేజీని చేత్తో మూసి, ఎడమ పేజీలోని తెలుగు చూసి ఇంగ్లీషు చెప్పాలి. కేవలం చదువుకుంటూ పోతే తెలిసినట్టు అనిపిస్తుంది గాని, అవసరానికి నోటికి రాదు. ఫోనులో చేయాలనుకునేవారికి ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఏ కార్డు ఎప్పుడు చూపాలో అదే లెక్క చూసుకుంటుంది. కార్డు మీద కూడా వాక్యమే ఉండాలి.

వారానికి ఒకసారి, భావాలు మారే ఒక సంఘటనను రెండు నిమిషాలపాటు చెప్పి రికార్డు చేయండి. కనుమ రోజు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం ఇందుకు అనువైన విషయం. భుజాల మీద మోసే ప్రభ కౌశిక ఏటిలో దిగేటప్పుడు "నెర్వస్", నీళ్ల మధ్య ఒరిగినట్టు కనిపిస్తే "స్కేర్డ్", ఒడ్డెక్కగానే "రిలీవ్డ్", తీర్థానికి చేరాక "ప్రౌడ్". పెద్దవాళ్లు 1996 నవంబరు తుపాను అనుభవాన్ని మనవలకు చెప్పవచ్చు. "హెల్ప్‌లెస్", "డెవస్టేటెడ్", "గ్రేట్‌ఫుల్" అన్న మాటలు అక్కడ వాటంతట అవే అవసరమవుతాయి. పండక్కి వచ్చిన కొత్త అల్లుడికి చేసే మర్యాదల గురించి చెప్పేటప్పుడు "పాంపర్డ్" పనికొస్తుంది.

12. రికార్డు విని సరిచూసుకోవలసినవి

- భావం కలిగిన మనిషి కర్తగా ఉన్నాడా? "టు మీ" అని మొదలైతే మళ్లీ చెప్పండి.
- "బోర్డ్", "బోరింగ్" తారుమారయ్యాయా?
- "హ్యాపీ", "శాడ్", "టెన్షన్" ఎన్నిసార్లు వచ్చాయి? రెండోసారి వచ్చిన ప్రతిచోటా గీతల పేజీ తెరిచి వేరే మాట పెట్టండి.
- "వెరీ"ని మూడో గీత మాటకు తగిలించారా?
- "యాంగ్రీ", "హంగ్రీ" వేరుగా వినిపిస్తున్నాయా? రెండోదానిలో "హ" స్పష్టంగా పలకాలి.
- "అప్సెట్"లో ఒత్తు రెండో భాగం మీద పడిందా?
- "నీస్" చివర "స" ధ్వని వచ్చిందా, "నీజ్" అయిందా?

ఒకే తప్పు మూడు వారాలు వరుసగా కనిపిస్తే దాన్ని వాక్యంగా రాసి, నోటు పుస్తకం అట్ట లోపలివైపు అంటించండి. ఫోను చేసే ముందు అది ఒకసారి చూడండి. తోడుగా మాట్లాడేవారికి కూడా ఆ ఒక్క తప్పునే పట్టుకోమని చెప్పండి. ప్రతి మాటకూ అడ్డుపడి సరిదిద్దితే మాట్లాడేవారి ధైర్యం పోతుంది, కాబట్టి మిగిలిన తప్పులను వారు కాగితం మీద రాసి, మాట పూర్తయ్యాక చూపించాలి.